వాచీ లెక్క సరే, కొలబద్ద ఎవరిది?

నా చేతికున్న వాచీ 142 అని హార్ట్ రేట్ చూపిస్తే ఆ అంకెను చాలావరకు నమ్ముతాను. దాని కిందే ఎర్ర రంగులో 'తీవ్రమైన వ్యాయామం' అని కనిపిస్తే మాత్రం అంత తేలిగ్గా నమ్మను. రెండూ ఒకే తెర మీద, ఒకే ధీమాతో కనిపిస్తాయి కాబట్టి రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయనుకుంటాం. నిజానికి మొదటిది కొలిచి చెప్పింది. రెండోది మన గురించి ఊహించి చెప్పింది.

ఫిట్‌నెస్ వాచీల మీద చర్చ ఎక్కడ మొదలైనా జనం రెండు జట్లుగా విడిపోతారు. "అవన్నీ బొమ్మలండీ, ఎవరు నమ్మమన్నారు?" అనేవాళ్లు ఒకవైపు. జోన్ 2 (గుండె వేగాన్ని బట్టి వాచీ వ్యాయామాన్ని విడగొట్టే అంచెల్లో రెండోది) దాటిందని బాగా సాగుతున్న పరుగు ఆపేసి నడిచేవాళ్లు, ఆ రోజు నిమిషాల లెక్క నిండలేదని రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ తిరిగేవాళ్లు మరోవైపు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. మొదటి జట్టు సెన్సర్‌ను తిడుతుంది, కానీ అది వాళ్లనుకున్నంత చెడ్డదేమీ కాదు. రెండో జట్టు సెన్సర్‌తో పాటు సెన్సర్ ఎప్పుడూ చెప్పని సంగతులను కూడా నమ్మేస్తుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టడంలో వచ్చే తప్పు చిన్నది. ఆ లెక్కను పట్టుకుని "ఇది నీకు తేలిక, ఇది నీకు కష్టం" అని తీర్పు చెప్పడంలో వచ్చే తప్పు దానికి ఎన్నో రెట్లు పెద్దది. నా వాదన అంతా ఇదే.

శరీరం ఎంత కష్టపడుతోందో సరిగ్గా కొలవాలంటే ఆక్సిజన్ లెక్క కావాలి. ల్యాబ్‌లో ముక్కూ నోరూ కప్పేలా మాస్క్ బిగించి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, పీల్చిన గాలికీ వదిలిన గాలికీ తేడా చూస్తారు. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని ఒక ఒప్పందం. దాన్ని 1 మెట్ అంటారు. అంతకు మూడు రెట్ల నుంచి ఆరు రెట్లలోపు ఖర్చయితే మధ్యస్థ వ్యాయామం, ఆరు రెట్లు, ఆపైన అయితే తీవ్రమైనది. చురుకైన నడక 4 మెట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

అయితే ఈ మెట్ లెక్కలో పని ఉంది కానీ, పని చేసే మనిషి లేడు. రోజూ పరుగెత్తే పాతికేళ్ల కుర్రాడికి చురుకైన నడక ఒక షికారు. మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ అడుగులు మొదలుపెట్టిన డెబ్బై ఏళ్ల ఆవిడకు అదే నడక గస తెప్పిస్తుంది. అందుకే ఇంకో రకం కొలత కూడా ఉంది: నా శరీరం చేయగలిగినంతలో ఇప్పుడు ఎంత శాతం చేస్తోంది? వాచీ జోన్ల రూపంలో చెప్పాలని చూసేది దీన్నే. పాపం దానికి మాస్క్ లేదు, ఆక్సిజన్ సంగతి తెలియదు. దానికి అందేవి రెండే: మణికట్టులో రక్తం కదలిక, మణికట్టు కదలిక.

రక్తం కదలికను కాంతితో చూడడం పాత ఆలోచనే. అమెరికాలో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1930లలోనే దీని మీద పరిశోధనలు ప్రచురించాడు. ఇప్పుడు వాచీ అడుగున మినుకుమంటూ కనిపించే పచ్చ లైట్లు చేసే పని కూడా మూలంలో అదే. రక్తంలోని హిమోగ్లోబిన్ పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నటి నాళాల్లో రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను ఫొటోడయోడ్ అనే కాంతి సెన్సర్ పట్టుకుంటుంది. పచ్చ కాంతి చర్మంలోకి ఎక్కువ లోతు పోదు. ఈ పనికి అది లోపం కాదు, సుగుణం. లోతుకు పోయే ఇన్‌ఫ్రారెడ్‌తో పోలిస్తే కదలికల గందరగోళం దీనిలో తక్కువ. కదలకుండా పడుకుని ఆక్సిజన్ స్థాయి చూసుకునేటప్పుడు మాత్రం వాచీ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ లైట్లకు మారుతుంది.

చిక్కేమిటంటే తిరిగొచ్చే కాంతిలో గుండె వల్ల మారేది చాలా కొద్ది భాగం. చేయి ఊగినప్పుడు వాచీ చర్మం మీద వెంట్రుకవాసి జరిగినా అంతకంటే పెద్ద మార్పు వస్తుంది. అందుకని వాచీ తనలోని యాక్సెలరోమీటర్‌ను, అంటే కదలికను కొలిచే సెన్సర్‌ను అడిగి, చేతి కదలిక వల్ల వచ్చిన భాగాన్ని తీసేసి, మిగిలిన దానిలో గుండె లయను వెతుకుతుంది. పెళ్లి పందిట్లో బ్యాండు మోగుతుంటే పక్కనున్న మనిషి మాట వినడం లాంటి పని. కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు బాగానే వినిపిస్తుంది. పరుగులోనే అసలు తమాషా మొదలవుతుంది.

పరుగెత్తేవాళ్లలో చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. గట్టిగా పరుగెత్తే గుండె కూడా ఇంచుమించు ఆ వేగంలోనే కొట్టుకుంటుంది. రెండు లయలూ దగ్గరపడితే సాఫ్ట్‌వేర్ అడుగుల చప్పుడును గుండె చప్పుడనుకుని దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. నెమ్మదిగా జాగింగ్ మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే 172 కనిపించి, గీత గీసినట్టు అక్కడే నిలబడిపోతే అనుమానించండి. పరీక్ష చాలా సులువు. వేగం మార్చకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ అడుగుల లయ పెంచి చూడండి. హార్ట్ రేట్ కూడా వెంటనే దానితో పాటే ఎక్కిందంటే వాచీ చూస్తున్నది మీ గుండెను కాదు. లేదా ఠక్కున ఆగి చూడండి. 172 అన్నది నాలుగైదు సెకన్లలో 125కి పడిపోయిందా? ఏ గుండే అంత త్వరగా చల్లబడదు. ఇది తెలియక రిపోర్టులో గరిష్ఠ హార్ట్ రేట్ చూసి కంగారుపడి టెస్టులు చేయించుకునేవాళ్లూ ఉంటారు. గుండె దడ, ఛాతీ బిగువు, కళ్లు తిరగడం లాంటివి ఉంటే అంకె ఎలా ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అవేవీ లేకుండా అంకె ఒక్కటే వింతగా ఉంటే ముందు వాచీ పట్టీ బిగించి చూడాలి.

పట్టీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా తప్పులు అక్కడే పుడతాయి. మణికట్టు ఎముక మీద గాజులా వేలాడే వాచీ లోపలికి బయటి వెలుతురు చొరబడుతుంది. వ్యాయామం చేసేటప్పుడు దాన్ని ఎముకకు ఒకటి రెండు వేళ్ల పైకి జరిపి, చర్మం మీద జారకుండా బిగించాలి. చలిలో చేతుల్లోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి, కొలవడానికి రక్తమే తగ్గుతుంది. ముదురు రంగు పచ్చబొట్టు మీద పెడితే కాంతి సిరాలోనే ఆగిపోతుంది. డంబెల్ పట్టుకుని పిడికిలి బిగించినప్పుడు, సైకిల్ హ్యాండిల్ మీద మణికట్టు వంచి బరువంతా వేసినప్పుడు కూడా రీడింగ్ తడబడుతుంది.

చర్మం రంగు ప్రశ్న ఒకటి ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పచ్చ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి ముదురు రంగు చర్మం మీద ఈ సెన్సర్లు తప్పు చెబుతాయన్న అనుమానం సహజమే. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తెలుపు నుంచి బాగా ముదురు రంగు వరకు అన్ని రకాల చర్మాలున్న 53 మంది మీద ఈ సంగతి పరీక్షించారు. చర్మం రంగును బట్టి కచ్చితత్వంలో చెప్పుకోదగ్గ తేడా వాళ్లకు కనిపించలేదు. పరికరానికీ పరికరానికీ తేడా బాగా కనిపించింది. విశ్రాంతిలో ఉన్నప్పటి కంటే కదులుతున్నప్పుడు తప్పు సగటున 30 శాతం ఎక్కువని తేలింది. 53 మంది సగటు ప్రపంచంలో అందరికీ అచ్చంగా వర్తిస్తుందని నేననను. కానీ "రంగు వల్లే నా వాచీ తప్పు" అనే ముందు పట్టీని, కదలికను, కంపెనీని అనుమానించడం మంచిదని ఆ ఫలితం చెబుతోంది.

ఈ తిప్పలేవీ వద్దనుకునేవాళ్లకు ఛాతీ పట్టీ ఉంది. అది కాంతిని కాకుండా గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది, ఈసీజీ లాగా. ఫిన్లాండ్ కంపెనీ పోలార్ 1982లోనే వైర్లు లేని హార్ట్ రేట్ మానిటర్‌ను అమ్మకానికి పెట్టింది. నలభై ఏళ్లు దాటినా ఆ పద్ధతిని మించింది క్రీడాకారులకు ఇంకా దొరకలేదు. 2017లో జామా కార్డియాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 50 మందిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి ఈసీజీతో పోల్చారు. పూర్తిగా కలిస్తే 1 అనుకునే లెక్కలో ఛాతీ పట్టీకి 0.99 వచ్చింది, మణికట్టు పరికరాలు 0.83 నుంచి 0.91 మధ్య నిలిచాయి. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 60 మంది మీద ఏడు పరికరాలు పరీక్షిస్తే, ఆరింటిలో హార్ట్ రేట్ తప్పు 5 శాతంలోపే ఉంది. అవన్నీ పాత తరం వాచీలు. సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత మెరుగుపడ్డాయే కానీ దిగజారలేదు. కాబట్టి "అవన్నీ బొమ్మలండీ" అనే జట్టుకు నా జవాబు ఇక్కడితో అయిపోయింది. నిలకడగా నడిచే, పరుగెత్తే మనిషి గుండెను మణికట్టు నుంచే నాలుగైదు బీట్ల తేడాతో లెక్కపెట్టగలగడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. 142 అన్నది సరైన అంకే అనుకుందాం. అది తీవ్రమా, మధ్యస్థమా అని వాచీకి ఎలా తెలుస్తుంది? మీ గుండె గరిష్ఠంగా ఎంత వేగంగా కొట్టుకోగలదో తెలిస్తే తెలుస్తుంది. అది మీరు వాచీకి ఎప్పుడూ చెప్పలేదు. పుట్టిన తేదీ మాత్రం చెప్పారు. అందుకని అది 220 నుంచి మీ వయసు తీసేస్తుంది, లేదా అలాంటి మరో సూత్రం వాడుతుంది.

ఈ 220 సూత్రానికి పెద్ద చరిత్రేమీ లేదు, అదే దాని చరిత్ర. ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు 1971లో రాసిన సమీక్ష వ్యాసం నుంచి అది వ్యాపించింది. 2002లో రాబర్గ్స్, లాండ్వేర్ అనే ఇద్దరు దాని మూలం కోసం పాత పత్రాలన్నీ తవ్వితే, ఆ సూత్రాన్ని నిరూపించడానికంటూ చేసిన పరిశోధన ఒక్కటీ దొరకలేదు. ఆ లోపు అది ప్రతి జిమ్ గోడకూ, ప్రతి ట్రెడ్‌మిల్ బోర్డుకూ ఎక్కేసింది. 2001లో టనాకా, మరో ఇద్దరు కలిసి 351 అధ్యయనాల సమాచారాన్ని గుదిగుచ్చి 208 నుంచి వయసులో 0.7 వంతు తీసెయ్యాలని కొత్త సూత్రం ఇచ్చారు. నలభై ఏళ్లకు రెండూ 180 అనే చెబుతాయి. అరవై ఐదేళ్లకు పాతది 155 అంటుంది, కొత్తది 162 దాటుతుంది. అంటే పెద్దవాళ్ల గుండెను పాత సూత్రం తక్కువ అంచనా వేస్తూ వచ్చింది.

సూత్రం మార్చినంత మాత్రాన చిక్కు తీరదు. ఏ సూత్రమైనా ఒక వయసువాళ్ల సగటునే చెబుతుంది, మనిషికీ మనిషికీ ఉండే తేడా అలాగే మిగిలిపోతుంది. ఆ తేడా ఇంచుమించు 10 బీట్ల ప్రామాణిక విచలనంతో ఉంటుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే దాదాపు ముగ్గురిలో ఒకరి అసలు గరిష్ఠం, సూత్రం చెప్పినదానికి పది బీట్లకు మించి దూరంగా ఉంటుంది. శిక్షణతో దీనికి పెద్దగా సంబంధం లేదు, ఎక్కువ ఉంటే గొప్పా కాదు. కొందరి గుండె అంతే.

ఒక నలభై ఐదేళ్ల మనిషిని తీసుకుందాం. సూత్రం ప్రకారం గరిష్ఠం 175. హార్ట్ రేట్ 142 అంటే అందులో 81 శాతం. గరిష్ఠంలో 64 నుంచి 76 శాతం వరకు మధ్యస్థం, 77 దాటితే తీవ్రం అన్నది వాడుకలో ఉన్న లెక్క కాబట్టి వాచీ 'తీవ్రం' అంటుంది. సెన్సర్ నాలుగు బీట్లు తప్పు చెప్పిందే అనుకోండి. 138 అయినా 146 అయినా తీర్పు మారదు, రెండూ 77 శాతం పైనే. ఇప్పుడు సెన్సర్‌ను వదిలేసి గరిష్ఠాన్ని మార్చి చూడండి. ఆ మనిషి అసలు గరిష్ఠం 190 అయితే 142 అన్నది 75 శాతం, మధ్యస్థం. 160 అయితే దాదాపు 89 శాతం, మాట పెగలనంత కష్టం. అవే గుండె చప్పుళ్లు, అదే రోడ్డు, మూడు రకాల తీర్పులు. జనం వాచీల రివ్యూలలో సెన్సర్ రెండు బీట్లు అటూ ఇటూ అయిందని పేజీలకు పేజీలు కొట్టుకుంటారు. పదిహేను బీట్ల తప్పు సెట్టింగ్స్‌లో ఎవరూ తెరవని ఒక గడిలో హాయిగా పడుకుని ఉంటుంది.

దీని మీద ఇంకో పొర ఉంది. శాతం దేనిలో శాతం? ఫిన్లాండ్‌కు చెందిన కార్వొనెన్ 1957 నాటి పరిశోధన నుంచి వచ్చిన పద్ధతి విశ్రాంతిలో ఉన్న గుండె వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. గరిష్ఠం నుంచి విశ్రాంతి వేగం తీసేస్తే మిగిలేదే మన దగ్గరున్న అసలు నిల్వ, శాతం దానిలో చూడాలని ఆ పద్ధతి. ఇందాకటి మనిషి విశ్రాంతి వేగం 60 అనుకుంటే, గరిష్ఠంలో 70 శాతం 122 దగ్గర వస్తుంది, నిల్వ పద్ధతిలో 70 శాతం 140 దగ్గర వస్తుంది. ఇద్దరు స్నేహితులు పక్కపక్కనే పరుగెత్తుతూ "నేను డెబ్బై శాతంలో ఉన్నా" అని ఒకరికొకరు చెప్పుకున్నా, వాళ్ల యాప్‌లు వేర్వేరు పద్ధతులు వాడితే వాళ్లు వేర్వేరు వ్యాయామాల గురించి మాట్లాడుకుంటున్నట్టే. ఏ పద్ధతి వాడుతున్నారో తెర మీద రాసే కంపెనీ నాకింతవరకు కనిపించలేదు. వెతికి వెతికి హెల్ప్ పేజీల్లో చూసుకోవాలి.

కొన్ని వాచీలు మన పరుగులను గమనిస్తూ గరిష్ఠాన్ని వాటంతటవే సవరించుకుంటాయి. వినడానికి బాగుంది. కానీ పైన చెప్పిన అడుగుల గందరగోళంలో ఒకరోజు 198 అని నమోదైతే అదే మీ కొత్త గరిష్ఠం అయిపోయే ప్రమాదం ఉంది. అప్పటి నుంచి మీరు చెమటలు కక్కుతూ ఎక్కిన గుట్టలు కూడా 'మధ్యస్థం' ఖాతాలో పడతాయి. ఒక్క సెకను తప్పు కొలత, నెలల తరబడి తప్పు తీర్పు.

సరే, గరిష్ఠం కూడా సరిగ్గానే తెలిసిందనుకుందాం. అయినా గుండె వేగం కష్టానికి నీడ మాత్రమే. ఎండలో గంటసేపు ఒకే వేగంతో పరుగెత్తితే కాళ్లు చేసే పని మారకపోయినా హార్ట్ రేట్ మెల్లగా పైకి పాకుతుంది. చెమటతో నీరు పోతుంది, రక్తం చర్మాన్ని చల్లబరచడానికి మళ్లుతుంది, ప్రతి చప్పుడుకూ గుండె పంపే రక్తం తగ్గుతుంది, కాబట్టి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. వాచీ దృష్టిలో మీరు జోన్ 3 నుంచి జోన్ 4కు 'ఎదిగారు'. నిద్ర చాలకపోయినా, టెన్షన్‌గా ఉన్నా, స్ట్రాంగ్ కాఫీ తాగినా ఇంతే.

మందుల సంగతి ఇంకా తిరకాసు. మా బాబాయి బీపీకి బీటా బ్లాకర్ వేసుకుంటాడు. ఆ మందు చేసే పనే గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. ఆయన ఎంత చురుగ్గా నడిచినా యాప్‌లో నడక 'తేలిక' దాటదు. "ఏరా, ఇది నన్ను నడిచినట్టే లెక్కెయ్యదేంటి?" అని విసుక్కుంటాడు. పక్కన నడుస్తున్న నాకు ఆయన ఆయాసం వినిపిస్తూనే ఉంటుంది. ఆయన వాచీలో మందుల గురించి అడిగే గడే లేదు. ఆ సెన్సర్ ఒక్క బీటు కూడా తప్పు చెప్పి ఉండకపోవచ్చు, అయినా ఆ అంకె మీద కట్టిన తీర్పు మొత్తం తప్పే.

మధ్యమధ్య విరామాలిస్తూ గట్టిగా చేసే హిట్ (HIIT) వ్యాయామాల్లో ఇంకో రకం చిక్కు. ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి పరుగెత్తితే గుండె వెంటనే పైకి లేవదు, దానికే కాస్త టైం పడుతుంది. దానికి తోడు వాచీ కొన్ని సెకన్ల సగటు తీసి చూపిస్తుంది. మీరు ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నప్పుడు తెర మీద అంకె శిఖరానికి చేరుతుంది. గ్రాఫ్ చూస్తే మీరు విశ్రాంతిలోనే ఎక్కువ కష్టపడ్డట్టుంటుంది. ఇక బరువులెత్తే వ్యాయామంలో హార్ట్ రేట్‌తో తీవ్రత చూడాలనుకోవడమే దండగ. అక్కడ కష్టం కండరంలో ఉంటుంది. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఇంకెన్ని ఎత్తగలిగేవాళ్లు అన్నవి రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ చాలు.

చేతి కదలికను చూసే యాక్సెలరోమీటర్ గురించి ఎక్కువ చెప్పను. నడకలో అది బాగానే పనిచేస్తుంది. పెద్దవాళ్లలో నిమిషానికి 100 అడుగుల లయ మధ్యస్థ వ్యాయామానికి మంచి గుర్తని పరిశోధనలు చెబుతున్నాయి, దానికి హార్ట్ రేట్ కూడా అక్కర్లేదు. కానీ ఎత్తు ఎక్కుతున్నామా, భుజాన బరువు మోస్తున్నామా అన్నది దానికి అర్థం కాదు. తోపుడు బండి మీదో, పసిపాప స్ట్రోలర్ మీదో చేయి ఆనించి నడిస్తే సగం అడుగులు మాయం. సైకిల్ మీద అసలు గుడ్డిదే. సైకిల్ వాళ్లకు మాత్రం ఒక అదృష్టం ఉంది. పెడల్ మీద పడే బలాన్ని కొలిచే పవర్ మీటర్ పనిని నేరుగా వాట్లలో చెబుతుంది. ఎండతో, కాఫీతో, వయసుతో దానికి పనిలేదు.

క్యాలరీల అంకె ఇంకా అధ్వానం. స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో హార్ట్ రేట్‌లో పాసైన అవే పరికరాలు క్యాలరీల దగ్గర ఒక్కటీ పాస్ కాలేదు. అన్నింటిలో మెరుగైనది సగటున 27 శాతం తప్పు చెప్పింది, అన్నింటిలో చెడ్డది 93 శాతం. ఆశ్చర్యం అక్కర్లేదు. క్యాలరీల లెక్క అంటే హార్ట్ రేట్‌ను ఊహించిన గరిష్ఠంతో పోల్చి, దాన్ని ఊహించిన ఫిట్‌నెస్‌తో కలిపి, మీరు నమోదు చేసిన బరువుతో గుణించిన ఫలితం. ఒక ఊహ మీద ఇంకో ఊహ. "ఈ రోజు 412 క్యాలరీలు కరిగాయి" అని చివరి అంకె దాకా చూపించడం నా దృష్టిలో దబాయింపే. ఆ 412 చూసి తినే తిండి నిర్ణయించుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే, ఆ గడిని తెర మీద నుంచి తీసేయండి.

ఇంత చెప్పాక ఒక మంచి ప్రశ్న వస్తుంది. "తప్పైతే అయింది, రోజూ ఒకే తప్పు చెబితే చాలదా? నిన్నటితో ఇవాళ పోల్చుకుంటాను." దీన్ని నేను సగం ఒప్పుకుంటాను. అదే మనిషి, అదే వాచీ, అదే రకం వ్యాయామం అయినంతవరకు ఇది నిజం. మూడు నెలల కింద ఈ దారిలో ఈ వేగానికి 150 ఉండేది, ఇప్పుడు 138 ఉంది అంటే మీరు మెరుగుపడ్డారు. దానికి గరిష్ఠం తెలియనక్కర్లేదు, జోన్ అక్కర్లేదు. వాచీ ఇచ్చే అత్యంత విలువైన సమాచారం నా లెక్కలో ఇదే. విశ్రాంతి హార్ట్ రేట్ కూడా అలాంటిదే. కదలకుండా ఉన్నప్పుడు కొలిచేది కాబట్టి అక్కడ సెన్సర్ మీద అనుమానం తక్కువ. వాతావరణం ఒకేలా ఉన్న రోజులను పోల్చుకుంటే చాలు.

ఒప్పుకోని సగం ఎక్కడంటే, హద్దులు వచ్చిన చోట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం ఉండాలని చెప్పింది. దీన్ని బట్టి కొన్ని కంపెనీలు తీవ్ర నిమిషాన్ని రెండు నిమిషాలుగా లెక్కేస్తాయి. ఆలోచన సరైనదే. కానీ కొలబద్ద, అంటే ఊహించిన గరిష్ఠం, పది బీట్లు పొట్టిగా ఉంటే మామూలు నడకలో అరగంట 'తీవ్రం'గా నమోదై గంట అయిపోతుంది. వారం సగంలోనే బాణసంచా యానిమేషన్ వస్తుంది, మనిషి సోఫాలో కూర్చుంటాడు. రోజూ ఒకే తప్పు చెప్పినా ఇక్కడ ఉపయోగం లేదు, ఎందుకంటే పోలుస్తున్నది నిన్నటితో కాదు, బయటి నుంచి వచ్చిన ఒక గీతతో.

తప్పు రెండో వైపుకు జరిగినా నష్టమే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరికి వాచీలో అసలు కంటే తక్కువ అడుగులు కనిపించేలా చేశారు. సరైన లెక్క చూసినవాళ్లతో పోలిస్తే వాళ్ల తిండి అలవాట్లు చెడ్డాయి, తమ మీద తమకున్న గౌరవం తగ్గింది, రక్తపోటు పెరిగింది. అంకె తప్పైతే నష్టమేముంది, నడిచింది నడిచినట్టే కదా అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మా బాబాయి విసుగు నాకు ఉత్తినే గుర్తుండిపోలేదు.

మరి కొలబద్దను సరిచేసేది ఎలా? స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960లలోనే ఒక స్కేలు తయారుచేశాడు. ఎంత కష్టంగా ఉందో మనిషినే అడగడం. అది 6 నుంచి 20 వరకు ఉంటుంది. ఆ వింత అంకెలు ఎందుకంటే, పక్కన సున్నా పెడితే 60 నుంచి 200, ఆరోగ్యంగా ఉన్న యువకుల హార్ట్ రేట్‌కు దగ్గరగా వచ్చేలా. అంతకంటే సులువైనది మాట్లాడి చూడడం. మాట్లాడగలుగుతున్నాం కానీ పాట పాడలేం అంటే మధ్యస్థం. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తీవ్రం. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, బీటా బ్లాకర్ వేసుకున్నవాళ్ల దగ్గరా పనిచేస్తుంది. ఇది ల్యాబ్ అంత సున్నితం కాదు నిజమే. కానీ తప్పు జరిగినా ఒక మెట్టు అటూ ఇటూ, వయసు సూత్రంలా మిమ్మల్ని చూడకుండానే తీర్పు చెప్పదు.

నేను రెండింటినీ కలిపి వాడతాను. మాట తడబడడం మొదలైనప్పుడు వాచీలో ఎంత ఉందో చూస్తాను. వేర్వేరు రోజుల్లో చూస్తే అది ఇంచుమించు ఒకేచోట తేలుతుంది, నా మధ్యస్థం అక్కడ ముగుస్తుంది. సూత్రం ఇచ్చిన జోన్లను తుడిచేసి ఆ అంకెతో నా జోన్లు నేనే రాసుకున్నాను. చాలా యాప్‌లలో ఈ వీలుంది. గరిష్ఠం తెలుసుకోవాలని పట్టుదల ఉన్నవాళ్లు ఛాతీ పట్టీ కట్టుకుని గుట్ట మీదికి మళ్లీ మళ్లీ పరుగెత్తి చూడొచ్చు. అయితే ఆ పని ఇప్పటికే వ్యాయామం అలవాటున్న ఆరోగ్యవంతులకే. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లు డాక్టరు చూస్తుండగా ట్రెడ్‌మిల్ టెస్టు చేయించుకోవాలి. హిట్ చేసే రోజుల్లో మణికట్టును నమ్మను, ఛాతీ పట్టీ కడతాను. లేదంటే అసలు అంకెలు చూడకుండా చేస్తాను. నిజం చెప్పాలంటే ఆ రోజులే బాగుంటాయి.

కంపెనీలను నేను కోరేది కొత్త సెన్సర్ కాదు. సందేహం ఉన్నప్పుడు సందేహం ఉందని చెప్పమంటున్నాను. కాంతి సంకేతం చెదిరిపోయిందని వాచీకి లోపల తెలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో హార్ట్ రేట్ సెన్సర్ పంపే ప్రతి రీడింగ్‌తో పాటు దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే గుర్తు కూడా వస్తుంది: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, నమ్మదగదు, చర్మానికి తగలడం లేదు. యాప్ రాసేవాళ్లకు అది కనిపిస్తుంది, పరుగెత్తే మనిషికి కనిపించదు. నమ్మకం లేని సెకన్లలో 172 అని గట్టిగా చెప్పే బదులు రెండు గీతలు చూపిస్తే ఏం పోతుంది? జోన్ పేరు పక్కన 'వయసు ప్రకారం అంచనా' అని రెండు మూడు మాటలు రాస్తే ఏం పోతుంది? కొత్త వాచీ పెట్టుకున్న మొదటి వారంలోనే "ఒకసారి మాట్లాడుతూ నడవండి, మాట ఆగినప్పుడు ఈ బటన్ నొక్కండి" అని అడిగితే, పుట్టిన తేదీ కంటే ఎంతో మంచి కొలబద్ద దానికి దొరుకుతుంది. దానికి కావలసిందల్లా ఒక బటన్.